గొర్రెపిల్ల చెవికి గాడుల రాయి

ఆ రోజు పొద్దున ఆరూ పది నిమిషాలకు మా బాపు ఒక గొర్రెపిల్ల ఎడమ చెవికి రెండు గంట్లు పెట్టాడు. టైము నాకు కచ్చితంగా తెలుసు. దేవరకొండ పోయే మొదటి బస్సు మా ఊరి మలుపు దగ్గర హారన్ కొట్టింది, నేను ఫోను చూసుకున్నాను. అదే రోజు మా గుట్టను చూడడానికి వచ్చిన సారు తన రిపోర్టులో "పరిశీలన సమయం ఉదయం పదకొండు నుంచి పదకొండు నలభై వరకు" అని రాసుకున్నాడు. ఆయన నలభై నిమిషాలకు సర్కారు కాగితం మీద చోటు దొరికింది. బాపు ఆరూ పదికి ఎక్కడా చోటు దొరకలేదు. అందుకే ముందు అది రాశాను.

మాది గొర్రెలు కాసే ఇల్లు. పిల్ల పుట్టి మూడు వారాలు దాటితే చెవికి గుర్తు పెట్టాలి. లేకపోతే మేతలో నాలుగు మందలు కలిసినప్పుడు ఎవరి పిల్ల ఎవరిదో తేలదు. మా గుర్తు ఎడమ చెవి అంచుకు రెండు గంట్లు. మా మేనమామ మందకు కుడి చెవికి ఒకటి. మిగతా ఇళ్లవాళ్లు కత్తితోనో బ్లేడుతోనో కోసేవాళ్లు. మా ఇంట్లో ఆ పనికి ఇనుము ముట్టించేవాళ్లు కాదు. రాతి పెచ్చుతో కోసేవాళ్లు. బాపు నాయన అలాగే కోశాడు, ఆయన నాయన కూడా అలాగే కోశాడట. ఇనుముతో కోసిన చెవులు చీము పట్టి ఈగలు ముసరడం నేను చాలాసార్లు చూశాను. రాతితో కోసినవి అలా కావడం చూడలేదు. దీన్ని శాస్త్రంగా చెప్పడం లేదు. చూసింది చెబుతున్నాను.

ఊరికి పడమట గైరానులో, అంటే ఊరి పశువులు మేసే సర్కారు జాగాలో, ఒక చిన్న గుట్ట ఉండేది. అంతా ఎర్ర మొరం మట్టి. మధ్య మధ్య తేనె రంగు రాతి పొరలు. కృష్ణా నది వైపు సున్నపురాయి నేలల్లో ఇలాంటి రాయి అక్కడక్కడ కనిపిస్తుంది, చెకుముకి జాతిది. పెద్ద వాన కురిసిన మర్నాడు బాపు మందను ఆ గుట్ట మీదికే తోలేవాడు. గొర్రెలు మేస్తుంటే ఆయన నేల చూసుకుంటూ నడిచేవాడు. విరిగిన పెచ్చులు కాలికి తగిలినన్ని ఉండేవి, వాటిని పట్టించుకునేవాడు కాదు. ఆయన వెతికేది ఒక్కదాని కోసం. దాన్ని గాడుల రాయి అనేవాడు.

అది బొటనవేలి కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. పైభాగం చదును. కిందికి పోయేకొద్దీ సన్నబడి మొన తేలుతుంది. చుట్టూ పైనుంచి మొన దాకా నిలువు గాడులు, అన్నీ దాదాపు ఒకే వెడల్పు, ఒక్కటీ వంకర పోదు. ప్రతి గాడీ ఒకప్పుడు అక్కడి నుంచి ఊడదీసిన పెచ్చు తాలూకు జాడ. వేల ఏళ్ల కింద ఎవరో కూర్చుని ఒకటి తరువాత ఒకటి తీసుకుంటూ పోయి, ఇంక చాలని ఆపిన రాయి. ఎన్నో ఏళ్లు నేలలో ఉండడం వల్ల దాని మీద సున్నం రాసినట్టు తెల్లని పొర పట్టి ఉంటుంది. అలాంటిది బాపుకు ఏ రెండేళ్లకో మూడేళ్లకో ఒకటి దొరికేది. దొరికిన రోజు ఎవరికీ చెప్పేవాడు కాదు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక రుమాలు కొసకు కట్టిన ముడి విప్పేవాడు, అప్పుడు మాకు తెలిసేది.

ఆయన తనంతట తాను కొత్త రాయిని మొదలుపెట్టలేకపోయేవాడు. నేను అడిగితే దాచకుండా చెప్పాడు.

"ముంగటి పని నాకు రాదు బిడ్డా. రాయిని గుండ్రంగ దిద్ది దారికి తెచ్చుడు పాతోళ్ల పని. మొదటి గాడి వంకర వోయిందంటె ఎనకొచ్చేటియన్ని వంకరనే. వాళ్లు ఆపిన కాడికెల్లి నేను మొదలువెడత."

ఆ మిగతా సగం పని మాత్రం ఆయనకు వచ్చు. కింద కూర్చుని, ఒక చెక్కకు తొలిచిన గుంతలో రాయిని నిలబెట్టి, చెక్కను రెండు మడమల మధ్య బిగించేవాడు. రాయి పై అంచును గరుకు రాతితో కాసేపు రుద్దేవాడు. రుద్దకపోతే అంచు పొడి అవుతుందట. తరువాత కొమ్ముకర్ర తీసేవాడు. మూరెడు కర్రకు కొసన పొట్టేలు కొమ్ము మొన బిగించి ఉంటుంది. ఆ మొనను అంచు మీద ఆనించి, కర్ర రెండో కొసను ఛాతీకి ఆనించుకుని, మెల్లగా ముందుకు వంగేవాడు. దెబ్బ కొట్టేవాడు కాదు. ఒంటి బరువంతా దాని మీద వేసేవాడు. ఊపిరి బిగబట్టేవాడు. చిన్నగా "టిక్" అనేది. చిటికెన వేలంత పెచ్చు ఊడి వచ్చేది. పాత పేపరు మీద పెడితే దాని అంచుల కింద అక్షరాలు కనిపించేవి. దానితో ఒక పూటకు అయినన్ని చెవులు కోసి, పెంటకుప్ప మూలన పాతిపెట్టేవాడు. మర్నాడు దాన్ని వాడేవాడు కాదు.

పదేళ్లప్పుడు నేనూ నొక్కుతానని అడిగాను. "ఆడివిల్లవు, నీకెందుకే గీ పని, పో" అన్నాడు. తమ్ముడికి నేర్పుతానన్నాడు. తమ్ముడు నకిరేకల్‌లో బత్తాయి లారీలు నింపే పనికి పోయి డ్రైవింగు నేర్చుకున్నాడు. నేను చదువుకుని సోషల్ టీచర్‌నయ్యాను, నల్లగొండలో కాపురం పెట్టాను. ప్రతి ఏడాదీ రాతియుగం పాఠం చెప్పాను. పుస్తకంలో నల్లగా మసకగా ఒక బొమ్మ ఉండేది, దాని కింద "రాతి పనిముట్లు" అని ఉండేది. పిల్లలతో ఆ బొమ్మ గీయించాను. మా ఇంట్లో ఆ పనిముట్టు తీసే మనిషి ఉన్నాడని క్లాసులో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఇప్పుడు ఎవరైనా అడిగితే, సిగ్గుపడ్డానని ఒప్పుకుంటాను. గొర్రెల ఇంటి మనిషినని అందరికీ తెలుసు. రాళ్లతో చెవులు కోస్తారని కూడా తెలియడం ఎందుకనుకున్నాను.

తరువాత చాలా చదివాను. సముద్రాల అవతల ఇంకో ఖండంలో కొన్ని రాతి మొనలు దొరికాయని చదివాను. ఈటెకు కట్టే ఆకు లాంటి మొన, దాని రెండు ముఖాల మీదా కింది నుంచి మధ్య దాకా ఒక్కొక్క గాడి. మొననంతా ఎంతో ఓపికగా చెక్కిన తరువాత, చివరికి ఒక్క దెబ్బతో ఆ గాడి తీయాలి. ఆ దెబ్బలోనే చాలా మొనలు రెండు ముక్కలయ్యేవట. పూర్తిగా నిలిచినవి అరుదు. వాటిని అద్దాల పెట్టెల్లో పెడతారు, వాటి మీద లావు పుస్తకాలు వేస్తారు. వాటిని తీసే పద్ధతి ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియక, చదువుకున్నవాళ్లు ఏళ్ల తరబడి రాళ్లు పగలగొట్టి ప్రయత్నించారట. అది చదివిన రోజు నాకు మొదటిసారి బాపు ఛాతీ మీది కాయ గుర్తుకొచ్చింది. కొమ్ముకర్ర ఆనే చోట రూపాయి బిళ్లంత వెడల్పున గట్టిగా ఉండేది.

తెలంగాణ వచ్చి కొన్నేళ్లయింది. కొత్త జిల్లాలు కూడా చేశారు. నందికొండ పోయే రోడ్డు పక్క భూములకు రేట్లు పెరిగాయి. మా ఊరి ముందు ఒకాయన ప్లాట్ల వెంచరు మొదలుపెట్టాడు. లోపలి రోడ్లకు మొరం కావాలి. దగ్గరలో ఉన్న మొరం మా గుట్ట. తవ్వుకోవడానికి అనుమతి పెట్టుకున్నాడని తెలిసింది.

బాపు ఫోను చేశాడు. ఆయన తనంతట తాను నాకు ఫోను చేసింది అప్పుడొక్కసారే.

"బిడ్డా, గుట్ట పోతాందట. నువ్వు సదువుకున్నదానివి గద, జర ఏదన్న రాయి."

నేను అర్జీ రాశాను. ఆ గుట్ట మీద అతి పాత కాలంనాటి రాతి పనిముట్లు తయారైన జాగా ఉందని, తవ్వకం ఆపాలని రాశాను. జిల్లా ఆఫీసు చుట్టూ తిరిగాను. చివరికి, పాత రాళ్ల సంగతి తెలిసినవాళ్లు వచ్చి చూస్తారు, పాతదని తేలితే ఆపుతామని జవాబు వచ్చింది. బాపు ఆ కాగితాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

"తేలుతది. రాయి అబద్దమాడదు" అన్నాడు.

ఆ సారు వచ్చే రోజుకు నేను ముందు రాత్రే ఊరికి పోయాను. పొద్దున బాపు పిల్లకు చెవి కోసి, పెచ్చును పాతిపెట్టకుండా రుమాలులో కట్టుకున్నాడు. సారుకు చూపిస్తాడట. మా మేనమామ తన మందను ఆపి అక్కడే నిలబడ్డాడు. బాపును ఆటపట్టించకుండా ఆయనకు రోజు గడవదు.

"బావా, ఉతికిన ధోతి గట్టినవ్, పెండ్లిచూపులా?"

"నీ అక్కను మల్ల అడగనీకె కట్టిన లే. నడువు."

"నవ్వులాట గాదు, ఇను. సారు ఏమడిగినా 'మా తాతల నాటిది' అను. నోరు మూసుకొని కూసో. నువ్వు తీస్తవ్ అని మాత్రం అనకు. గా పెద్దమనుషులకు మనం జేసేది తెలిస్తె రాళ్లకు కిమ్మతు వోతది, ఇలువుండది."

నాకు కోపం వచ్చింది. "అబద్ధం ఎందుకు మామా? ఉన్నది ఉన్నట్టు చెబితే ఇంకా బలం. బాపూ, నువ్వు నిజమే చెప్పు" అన్నాను. రాళ్లు దొరకడమే గొప్ప అయితే, ఆ రాళ్లను తీసే చెయ్యి ఇంకా బతికి ఉండడం ఎంత గొప్ప అనుకున్నాను. నేను చదివిన పుస్తకాలన్నీ నాకు ఆ మాటే చెప్పాయి.

మామ నన్ను చూసి, "నీ సదువు నీదమ్మా" అని గొర్రెలను తోలుకుంటూ గుట్ట ఎక్కాడు.

సారు కారులో వచ్చాడు. చెడ్డవాడు కాదు. మజ్జిగ ఇస్తే తాగాడు, బాపును "పెద్దాయనా" అని పిలిచాడు. గుట్ట మీద కాసేపు నడిచాడు. ఎండగా ఉందని వేపచెట్టు నీడకు వచ్చి, ఇంట్లో దొరికినవి ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. బాపు అప్పుడు వాడుతున్న గాడుల రాయి తెచ్చి ఇచ్చాడు. సారు దాన్ని తిప్పి చూశాడు. ఒక పక్క గాడులు తెల్లగా ఉన్నాయి. ఇంకో పక్క మూడు గాడులు తేనె రంగులో కొత్తగా మెరుస్తున్నాయి.

"ఇవి ఎవరు కొట్టారు?"

"కొట్టుడు గాదు సారూ, ఒత్తుడు. నేనే తీసిన" అన్నాడు బాపు. దాచుకోవాల్సిన మాటలా అనలేదు, ఎవరి పిల్లవు అంటే పేరు చెప్పినట్టు అన్నాడు.

సారు నా వైపు చూశాడు. నేను నవ్వుతూ, "చూపించు బాపూ" అన్నాను.

చెక్క వచ్చింది, కొమ్ముకర్ర వచ్చింది. బాపు అంచు రుద్దుకుని వంగాడు. సారు నిలబడే చూశాడు. టిక్ మంది. బాపు పెచ్చును అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాపాడు. రుమాలులో ఉన్న పొద్దుటి పెచ్చు కూడా తీసి పక్కన పెట్టాడు. రెండూ అక్కచెల్లెళ్లలా ఒకే తీరున ఉన్నాయి.

"దేనికి వాడతారు?"

"గొర్రెపిల్ల చెవులు కోస్తం సారూ."

సారు నవ్వాడు. "బాగుంది" అన్నాడు. రెండు పెచ్చుల్నీ ఒక ప్లాస్టిక్ కవరులో వేసుకుని, కవరు మీద ఏదో రాసుకున్నాడు. ఎలా నేర్చుకున్నావని అడగలేదు. ఎంత బలం పెట్టాలని అడగలేదు. ఎందుకు రుద్దావని అడగలేదు. తరగతిలో నా పిల్లలైతే ముందు ఆ ప్రశ్నలే అడుగుతారు. కారు పోయాక బాపు చాలా సంతోషంగా ఉన్నాడు. "రెండు గూడ తీస్కపోయిండు. ఆఫీసుల చూపెట్టుకుంటడేమో" అన్నాడు.

ఆఫీసులో చూపించే ఉంటాడు. రిపోర్టు నకలు నాకు నెల తరువాత దొరికింది. అందులో ఒక వాక్యం నాకు నోటికి వచ్చు. "స్థానిక గొర్రెల కాపరులు నేటికీ ఇటువంటి రాతి పెచ్చులు తయారు చేస్తున్నందున, ఇక్కడి రాళ్లు ప్రాచీనమైనవని నిర్ధారించలేము."

అంతే. బాపు తన చేత్తో తీసి ఇచ్చిన పెచ్చు ఆయన గుట్టకు ఎదురు సాక్ష్యం అయింది.

నేను మళ్లీ రాశాను. ఒకే రాతి మీద పాత గాడికి తెల్లని పొర ఉంది, కొత్త గాడికి లేదు, మా బాపు తీసినవి ఏవో వేల ఏళ్ల కింద తీసినవి ఏవో కళ్లు లేనివాడు కూడా వేలితో తడిమి చెప్పగలడు అని రాశాను. గుట్ట మీద పరుచుకున్న పెచ్చులన్నీ తెల్లబడి ఉన్నాయి, ఒక మనిషి ఏడాదికి తీసే గుప్పెడు పెచ్చులు పెంటకుప్ప మూలన ఉన్నాయి, తవ్వి చూడండి అని రాశాను. మర్యాదగా రాశాను. ఆ మర్యాదకు ఇప్పుడు నన్ను నేను తిట్టుకుంటాను. జవాబు రాలేదు.

రాయి దొరికితే చరిత్ర అంటారు. ఆ రాయితో పని చేసే మనిషి ఎదురుగా నిలబడితే చరిత్ర చెడిపోయిందంటారు. పని చేసినవాడు చచ్చి మట్టిలో కలిసిపోయి ఉంటేనే వీళ్లకు నమ్మకం. బాపు బతికి ఉండడం ఆయన చేసిన తప్పు. నేను ఎంత ఆలోచించినా ఆ రిపోర్టులో నాకు ఇంకో అర్థం దొరకలేదు.

బాపుకు ఈ సంగతి నేనే చెప్పాను.

"అంటె నేను తియ్యకపోతుంటె గుట్ట ఉంటుండెనా?"

"కాదు బాపూ, వాళ్లకు తెలియలేదు."

"మీ మామ చెప్పిండు ముంగటనే" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ ఎండాకాలం జేసీబీ వచ్చింది. టిప్పర్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగాయి. వానలు మొదలయ్యేసరికి గుట్ట ఉన్న చోట గుంట ఉంది, అందులో నీళ్లు నిలిచాయి. గొర్రెలు ఆ నీళ్లు తాగేవి. మామ, "చూసినవా బావా, కుంట దవ్విచ్చిన్రు మనకు" అని నవ్వించబోయాడు. బాపు నవ్వలేదు.

ఆయన వెంచరుకు పోవడం మొదలుపెట్టాడు. గుట్ట ఇప్పుడు అక్కడి రోడ్ల కింద ఉంది కదా. పొద్దున్నే పోయి, రోలరు తొక్కని అంచుల వెంట వంగి వెతికేవాడు. ఒకసారి నేనూ వెంట పోయాను. వాచ్‌మన్ కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఏయ్ తాతా, ప్లాటు గావాలెనా?"

"నాకెందుకయ్యా ప్లాటు. రాయి పోయింది, ఏరుకుంటున్న."

"ఏం రాయి? వజ్రమా?"

"ఆ, వజ్రమే. గొర్రెలకు వెడత."

వాచ్‌మన్ నవ్వి, "రాళ్లు తప్ప ఈడ ఏమున్నయ్, ఏరుకో" అని పోయాడు. ప్లాట్లకు హద్దులుగా పసుపు రంగు రాళ్లు పాతి ఉన్నాయి, వాటి మీద నంబర్లు. బాపు ప్రతి హద్దురాయి మొదట్లో కాలితో మొరం కదిపి చూశాడు. అలా ఏడాది పాటు తిరిగితే ఆయనకు దొరికింది ఒక్కటి. అది కూడా రోలరు కింద పడి కింది మొన పోయిన రాయి.

సారుకు చూపించిన రాయి అప్పటికి తీసి తీసి అయిపోయింది. మొన పోయినా ఆయన ఈ కొత్తదానితోనే రెండేళ్లు నెట్టుకొచ్చాడు. పెచ్చులు పొట్టివి వచ్చేవి. ఒక్కొక్క దానితో వీలైనన్ని చెవులు కోసేవాడు. మర్నాటికి కూడా దాచుకునేవాడు. అంతకుముందు ఎన్నడూ అలా చేయలేదు.

"బీరు సీస వలగ్గొట్టి కొయ్యి బావా. పిల్లకు జర నిషా గూడ ఎక్కుతది, నొప్పి తెల్వది" అన్నాడు మామ.

"నీ చెవి కోస్త దాంతోటి, దా" అన్నాడు బాపు.

అప్పటికి మా ఊరికి సబ్సిడీ గొర్రెలు వచ్చాయి. వాటి చెవులకు నంబర్లున్న ప్లాస్టిక్ బిళ్లలు ఉన్నాయి. ఆ బిళ్లలు గుచ్చే పట్కారు మామ కూడా ఒకటి కొన్నాడు. మామ మీద నాకు కోపం లేదు. ఆయన మొదటి నుంచీ లోకం సంగతి తెలిసిన మనిషి.

దసరా సెలవులకు నేను ఊరికి పోయినప్పుడు బాపు బాగా చిక్కిపోయి ఉన్నాడు. దగ్గు. దేవరకొండ దవాఖానలో మందులు రాసి ఇచ్చారు. వంగితే ఆయాసం వస్తోంది, ఛాతీకి కర్ర ఆనించుకోలేకపోతున్నాడు. మందలో మూడు పిల్లలు గుర్తు లేకుండా తిరుగుతున్నాయి. సాయంత్రం నాలుగు దాటాక ఆయన చెక్కా, కొమ్ముకర్రా, ఆ మొన పోయిన రాయీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"కూసో బిడ్డా. నేను చెప్త, నువ్వు ఒత్తు."

"ఆడపిల్లలు పట్టొద్దన్నావు కదా బాపూ."

"అన్న. తప్పన్న. కూసో."

నాకు అప్పటికి నలభై ఏడేళ్లు. చీర కుచ్చిళ్లు ఎగదోపి కూర్చుని, మడమల మధ్య చెక్క బిగించాను. అంచు రుద్దాను. "ఇంక రుద్దు" అన్నాడు. రుద్దాను. కొమ్ము మొన ఎక్కడ పెట్టాలో ఆయనే నా చేతిని పట్టుకుని పెట్టాడు. ఆయన వేళ్లు వేడిగా ఉన్నాయి, జ్వరం ఉంది.

"కిందికి తొయ్యకు. ముందటికి. చేతులతోటి గాదు, పానంతోటి వంగు. ఊపిరి బట్టు."

వంగాను. ఏమీ కాలేదు. ఇంకా వంగాను. వద్దన్నా చేతులతోనే బలం పెట్టాను. టిక్ అనలేదు. పెళుక్కుమంది. పెచ్చు రాలేదు. రాయి అడ్డంగా, నడుముకు విరిగి రెండు ముక్కలైంది. ఒక ముక్క చెక్క గుంతలోనే ఉంది. ఇంకొకటి నా మోకాలి పక్కన పడింది.

నేను తల ఎత్తలేదు. ఆ సముద్రాల అవతలి మొనల సంగతి చదివినప్పుడు, విరిగిన ముక్కలు పనిచోట్ల కుప్పలుగా దొరికాయని కూడా చదివాను. అప్పుడు అది నాకు ఒక వివరం మాత్రమే. ఆ కుప్పలు ఎందుకున్నాయో ఆ సాయంత్రం తెలిసింది.

బాపు ముక్కను తీసి చూశాడు. బొటనవేలితో విరిగిన చోటు తడిమాడు.

"ఏడువకు. గిట్లనే అయితది. నేను గూడ మొదటిది గిట్లనే ఇరగ్గొట్టిన. రెండోది ఇరగ్గొట్టిన. మా నాయిన కట్టె దీస్కోని ఉరికిచ్చి కొట్టిండు."

"మరి ఎట్లా వచ్చింది నీకు?"

"నాకు మూడోది ఉండె" అన్నాడు.

ఇందులో నా కోపం ఎవరి మీద అని చాలాసార్లు లెక్కవేసుకున్నాను. వెంచరు ఆయనకు మొరం కావాలి, తవ్వాడు. అతన్ని తిట్టడం తేలిక, ఊరంతా తిడుతుంది, తిట్టినవాళ్లలో కొందరు అక్కడ ప్లాట్లు కూడా కొన్నారు. సారు మీద కోపం ఉంది, అది పోదు. చదువుకుని కూడా చూడలేకపోయాడు. కానీ నేనూ చదువుకునే చూడలేకపోయాను. నాకు నలభై ఏడేళ్లు వచ్చేదాకా, గుట్ట ఉన్నన్ని రోజులు, విరగ్గొట్టుకోవడానికి రాళ్లు ఉన్నన్ని రోజులు, నేను ఆ చెక్క ముందు కూర్చోలేదు. ఆడపిల్లవని అన్నాడని ఊరుకున్నాను. చదువుకోవద్దన్నప్పుడు ఊరుకోలేదు కదా. దీనికి మాత్రం ఊరుకున్నాను, ఎందుకంటే దీన్ని నేనూ చదువు కంటే తక్కువ అనుకున్నాను.

సంక్రాంతికి ముందే బాపు పోయాడు. మా వాళ్లలో పూడుస్తారు. తమ్ముడు కొమ్ముకర్రను ఆయన పక్కన పెట్టాడు, నేను వద్దనలేదు. విరిగిన రాయి ముక్కలు రెండూ నా దగ్గర ఉన్నాయి. క్లాసుకు తీసుకుపోయాను. పాత గాడి ఏది, మా బాపు తీసిన గాడి ఏది, నేను విరగ్గొట్టిన చోటు ఏది అని పిల్లలతో తడిమించాను. ఆరో తరగతి పిల్లలు. ఒక్కరూ తప్పు చెప్పలేదు.

మందను ఇప్పుడు మామ చూస్తున్నాడు. పట్కారుతో బిళ్లలు గుచ్చుతాడు. బిళ్ల ఊడిన చెవి దగ్గర వేపనూనె రాస్తాడు. మా గొర్రెలకూ ఆయన గొర్రెలకూ బిళ్ల ఒకే రంగు, నంబరు చదివితే తప్ప తెలియదు.

మా ఇంట్లో గొర్రెపిల్ల చెవికి ఎవరూ గంట్లు పెట్టరు.